ఐదో గడి

బేతంచెర్ల బస్టాండు ఎదురుగా నాది జిరాక్సు అంగడి.
పేజీ రూపాయి, రెండు పక్కలా అయితే రూపాయిన్నర.
ఈ ఊరు పొద్దున తెల్లగా లేస్తాది,
రాత్రికి ఇంకా తెల్లగా పండుకుంటాది.
నాపరాయి పాలిష్ దుమ్ము నా మిషను అద్దాన్నీ వదల్దు.
నేను తీసే ప్రతి కాపీలో
ఎవరూ రాయని చుక్కలు.

మద్దిలేటిది బండలు లెక్కరాసే పని,
దొంతి దొంతికీ సుద్దముక్కతో నంబరు.
అంకెల పక్కన బొమ్మలు ఎప్పుడు మొలిచినాయో
వానికే తెలీదు.
ఒకనాడు కాగితాన్ని ఎనిమిది మడతలు పెట్టి తెచ్చినాడు.
"బొమ్మలు నావి. మాటలు నువ్వు రాయన్నా,
నాకు ఒత్తులు రావు."

మొదటి గడిలో మిషను: ఝుయ్‌య్‌య్.
రెండో గడిలో పెద్ద హుసేని,
తలకు గళ్ల తువ్వాల, నోట్లో నవ్వు,
నోటి పక్కన ఒక బుడగ.
బుడగలో పెన్సిలుతో "కళ్" అని ఉంది.
కండ్లు ఏందిరా అంటే, దగ్గన్నా అన్నాడు.
నేను ఒత్తిచ్చినా: ఖళ్.
మూడో గడికి అది బుడగలో పట్టలే.
నాలుగో గడిలో డాక్టరు టీబీ అని రాస్తాంటే
గీత దాటొచ్చి చీటీ మీద పడింది.
ఐదో గడిలో బండ మీద కూచోని
నోట్లు ఎంచుకుంటాండే లావాటి మనిషి,
బండ కింద నుంచి ఒక చెయ్యి.
మిగతా మూడు గడులూ గేటు కాడ జనం.

మూడు వందల కాపీలు.
బొరుగుల పొట్లమై పోయింది కొంత,
సద్ది మూట లోపల పోయింది కొంత.
సంతకం రానోళ్లు కూడా
వేలు పెట్టి గడి గడీ చదివినారు.
సోమవారం నిజం గేటు కాడికే పోయినారు,
కోసేటప్పుడు నీళ్లు కొట్టే పైపు,
ముక్కుకు గుడ్డ,
రోగానికి దాని సొంత పేరు
కావాలని.

ఎస్సై నా స్టూలు లాక్కోని కూచున్నాడు.
"ఎవడ్రా ఈ లావాయన?"
"ఎవరూ కాదు సార్, బొమ్మ."
"అచ్చం మా ఓనరు గారి మాదిరే ఉన్నాడే!"
"ఆ మాట మీరంటిరి సార్, మేం రాయలే."
ఆయనకు నవ్వొచ్చింది, మీసం కింద దాచుకున్నాడు.
"ఐదోది తీసేయండి. ఇంకొక్క కాగితం కనబడితే
మిషను స్టేషన్లో ఉంటాది."

తీసేసినాం.
నాలుగు తర్వాత ఆరు. నడుమ తెల్లగా ఖాళీ.
టీ బంకు కాడ ఎవరో అడిగినారు,
"ఐదులో ఏముండె?"
సుంకన్న ఒకటి చెప్పినాడు, లాలెమ్మ ఇంకొకటి.
పొద్దుగూకేసరికి లావాయన
నాలుగు మిషన్లు మింగి, చెరువు తాగి,
చాలక ఎస్సై టోపీ కొరికినాడు.
అంతంత బొమ్మలు
మద్దిలేటి చేతిలో యాడున్నాయి?

రెండు షెడ్లకు పైపులొచ్చినాయి.
గుడ్డలు రాలే.
రోగం పేరు ఇంకా టీబీనే.
మద్దిలేటిని లెక్కలోంచి కొట్టేసినారు,
ఇప్పుడు డోన్‌లో లారీల వెనక పూలు వేస్తాన్నాడంట.

ఎండలు ముదిరినాక హుసేని పోయినాడు.
కాశీంబీ వచ్చింది, మడతలు చీలికలైన కాగితంతో.
ఆధారు కార్డులో ఆయన ఆయన మాదిరి లేడంట,
రెండో గడి పెద్దది చేసియ్యమంది.
చేసినా.
తువ్వాల గళ్లు పెద్దవైనాయి, నవ్వు పెద్దదైంది,
పక్కన ఖళ్ కూడా.
చానాసేపు చూసింది.
"అది తీసేయి నాయనా.
పదేండ్లు విన్నా."

వైట్‌నర్ సీసా ఊపినా.
నేను రాసిందే, నేనే ఒత్తిచ్చిందే.
వెనక నుంచి మొదలుపెట్టినా,
ముందు ళ్, తర్వాత ఖ.
ఆరాలని ఊదుతాంటే
లోడు లారీ పోయింది రోడ్డు మీద.
ఆమె రెండు చేతులూ
కాగితం మీద గొడుగు పట్టింది,
దుమ్ము వాలకుండా.